రాగిజావ లేని రోజుల్లో పిల్లలు ప్రార్థనలోనే కూలబడుతున్నారు. పొద్దున్నే బళ్ళో ఏం పెట్టొచ్చు?

పలకాబలపం
పల్నాడులో ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. 62 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం, వంటకి ఇద్దరు. నవంబరులో పత్తి తీతలు, ఆ వెనకే మిరప కోతలు. తల్లులు ఐదున్నరకే ఆటో ఎక్కేస్తారు. రాత్రి అన్నం గిన్నెలో ఉంటుంది, కానీ ఏడేళ్ళ పిల్ల లేచి, తనే పెట్టుకుని, తమ్ముడికీ పెట్టి, జడ వేసుకుని బడికి రావాలంటే అయ్యే పనేనా? టీ తాగి, ఐదు రూపాయల మసాలా ప్యాకెట్ కొనుక్కుని వచ్చేస్తున్నారు.

మంగళ, గురు, శనివారాలు రాగిజావ ఇస్తాం. ఆ రోజులు ఎలాగో గడిచిపోతాయి. సోమవారం మాత్రం ప్రతిజ్ఞ సగంలో ఇద్దరు ముగ్గురు కూర్చుండిపోతారు. మొన్న మూడో తరగతి పిల్ల పడిపోయి గడప తగిలి నుదురు చిట్లింది. సోమ, బుధ, శుక్రవారాల్లో కూడా ఏదో ఒకటి పెట్టాలనుకుంటున్నాం. ఏం పెట్టాలి, ఎవరు వండాలి, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఇడ్లీ అని మాత్రం అనకండి, బళ్ళో గ్రైండరు లేదు.

గోంగూరపచ్చడి
ఇడ్లీ.

గోంగూరపచ్చడి
సరదాకన్నాను మేడం, తిట్టకండి. పిల్లకి కుట్లు పడ్డాయా?

పలకాబలపం
రెండు. ఇప్పుడు బాగానే ఉంది, కట్టు అందరికీ చూపించుకుంటూ తిరుగుతోంది.

నిద్రలేనినాన్న
ఇది ప్రభుత్వ బడుల సంగతే కాదండీ. హైదరాబాద్‌లో మా పాప బస్సు 6.50కి. ఆరింటికి లేపితే ఏ పిల్లకి ఆకలేస్తుంది? సగం గ్లాసు పాలు, అందులో డబ్బా పొడి, ఆ పొడిలో బోలెడు చక్కెర. లక్ష ఫీజు కట్టి పిల్లని ఖాళీ కడుపుతో పంపుతున్నాం. పదింటికి స్నాక్ డబ్బా తెరిచేదాకా అంతే సంగతులు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవర్నడిగినా ఇదే కథ.

బాధ్యతముఖ్యం
అన్నీ బడే చేయాలంటే కన్నవాళ్ళెందుకు? మధ్యాహ్నం అన్నం, గుడ్డు, చిక్కీ, బూట్లు, బ్యాగు అన్నీ ఇస్తున్నారు. ఇప్పుడు టిఫిన్ కూడానా? రేపు రాత్రి భోజనం కూడా పెట్టమంటారు. పిల్లలకి పొద్దున ఒక ముద్ద పెట్టడం తల్లి పని.

వంటమ్మకొడుకు
బాధ్యతముఖ్యం గారూ, మీ ఇంట్లో పొద్దున ఐదింటికి ఎవరు లేస్తారో ఒకసారి చూసి మాట్లాడండి. ఆటో ఎవరి కోసమూ ఆగదు. ఆటో తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. అన్నం వండిపెట్టి వెళ్ళింది కదా ఆ తల్లి, మేడం రాసింది చదవలేదా?

తైదంబలి
తల్లి పని అన్నారు, తండ్రి పని ఏందో కూడా రాస్తే తెలుసుకుంటం.

లెక్కలమాస్టారు
ముందు జావ లెక్క చూద్దాం. మా బడికి వచ్చే కొలత ఒక్కొక్కరికి పది గ్రాముల రాగిపిండి, పది గ్రాముల బెల్లం. రెండూ కలిపి 70 కేలరీలు. ప్రోటీన్ ఒక గ్రాము కూడా రాదు. ఏడెనిమిదేళ్ళ పిల్లకి రోజుకి 1700 కేలరీల దాకా కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్క. ప్రాథమిక పిల్లలకి మధ్యాహ్న భోజనంలోనే 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలని నిబంధన. దాని పక్కన ఈ గ్లాసు పెట్టి చూడండి. రాగుల్లో కాల్షియం బోలెడు, వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. నిజమే, కానీ మనం పోసేది పది గ్రాములు. జావ మంచిదే, మానమనను. టిఫిన్ అని మాత్రం అనుకోవద్దు.

చోడిపిండి
మా శ్రీకాకుళంలో చోడి అంబలి తాగి పొలానికెళ్ళిన తాత ఎనభై ఏళ్ళు బతికాడు. ఆయన తాగింది పది గ్రాములది కాదు, చెంబు నిండా. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పలచన చేసి గ్లాసులో పోస్తే అది చోడి వాసన చూపించడమే.

తైదంబలి
చోళ్ళు అంటే మా తైదలేనా? ఇన్నేండ్లు వేరేవి అనుకున్న.

చోడిపిండి
అవే. మీ తైదలు, గుంటూరోళ్ళ రాగులు, మా చోళ్ళు, అన్నీ ఒకటే గింజ.

చెన్నపట్నంతెలుగు
ఇక్కడ తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న మదురైలో సర్కారు బడి టిఫిన్ మొదలెట్టారు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు. ముందు 1,545 బడులు, మరుసటి ఏడాది ఆగస్టుకల్లా రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ. ఉప్మా, కిచిడీ, పొంగల్, సాంబారు, మార్చి మార్చి పెడతారు. వండేది ఎక్కువగా స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు. మా పనమ్మాయి కూతురు దాని కోసమే ఎనిమిదింటికి పరిగెడుతుంది. ఉప్మా రోజు మాత్రం కొంచెం నిదానంగా.

ఇంకో సంగతి. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకి టిఫిన్ పెట్టించారు, ఒక్కొక్కరికి అణా మించకుండా. ఆయన తెలుగువాడే. టి.నగర్‌లో టి అంటే ఆయనే. రోజూ అక్కడ చీరలు కొనే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో!

గోంగూరపచ్చడి
నూరేళ్ళ కిందటే అణాకి టిఫిన్ పెట్టాడన్నమాట. ఇప్పుడు అణాకి సారీ కూడా చెప్పరు.

తైదంబలి
మా తెలంగాణలో కూడా 2023 అక్టోబరు 6న సీఎం బ్రేక్‌ఫాస్ట్ అని మొదలువెట్టిన్రు. ఒకటి నుంచి పది దాకా. మెనూ కాగితం మస్తుండె: పూరీ ఆలుగడ్డ కుర్మా, టమాటా బాత్, మిల్లెట్ ఇడ్లీ, పొంగల్. ఎన్నికలొచ్చినయ్, సర్కారు మారింది, ముచ్చట ముగిసింది. మా ఊరి బడి దాకా రానేలేదు. మెనూ కాగితం ఎవరైనా రాస్తరు. పొద్దుగాల పొయ్యి ముట్టించేది ఎవరో అది రాయాలె.

వంటమ్మకొడుకు
తైదంబలి అన్న అసలు సంగతి పట్టుకున్నాడు. మా అమ్మ పదకొండేళ్ళుగా బళ్ళో వంట చేస్తోంది. గౌరవ వేతనం నెలకి మూడు వేలు. 2019కి ముందు వెయ్యి రూపాయలే. అది పన్నెండు నెలలూ రాదు, పది నెలలే. కూరగాయలకి, పోపు సామానుకి ముందు అమ్మే పెట్టుబడి పెట్టాలి, బిల్లు ఎప్పుడొస్తే అప్పుడు. కిరాణా కొట్లో మా ఖాతా ఎప్పుడూ మూసింది లేదు.

జావ మొదలైనప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. మా ఇంట్లో ఏమైందో చెప్తాను. అంతకుముందు అమ్మ తొమ్మిదిన్నరకి బడికెళ్ళేది. అందాకా గేదె పాలు పిండి, రెండు ఇళ్ళకి పోసి వచ్చేది. జావ రోజుల్లో ఎనిమిదికల్లా బళ్ళో ఉండాలి. పిండి ఉండకట్టకుండా కలుపుతూ నిలబడాలి, గ్లాసులు కడగాలి, అప్పుడు మళ్ళీ అన్నానికి ఎసరు. ఆ పాలు పోసే పని పోయింది. మూడు వేలు మూడు వేలే ఉంది.

కాబట్టి మేడం, ఏం వండాలో అడగకముందు మీ వంట అక్కల్ని కూర్చోబెట్టి అడగండి. వాళ్ళకి అదనంగా ఎంత ఇస్తారో తేల్చండి. "పిల్లల కోసమే కదా, పుణ్యం వస్తుంది" అని మాత్రం అనకండి. ఆ మాట మా అమ్మ చాలాసార్లు వింది.

పలకాబలపం
తల దించుకుని చదివాను. నిజంగా నేను ఆ మాటే అందామనుకున్నాను.

డల్లాస్‌దోసె
మేడం, ఏడాదికి ఎంతవుతుందో చెప్పండి, మేం నలుగురం స్నేహితులం పంపుతాం. పిల్లలు తింటున్న ఫోటోలు నెలకోసారి పెడితే చాలు.

పలకాబలపం
డబ్బుకి థాంక్స్ అండీ, ఫోటోలు మాత్రం కుదరవు. పళ్ళెం పట్టుకున్న పిల్ల మొహం వాట్సాప్‌లో తిరగడం నాకిష్టం లేదు. కొట్టు బిల్లులు పంపుతాను.

డల్లాస్‌దోసె
అలా ఆలోచించలేదు. బిల్లులు చాలు, అవి కూడా తీరికున్నప్పుడే.

ఇక్కడ చూసింది ఒకటి చెప్తాను, పనికొస్తుందేమో. అమెరికాలో బడి టిఫిన్ 1966లో ప్రయోగంగా మొదలై 1975లో శాశ్వతమైంది. చాలాకాలం బెల్లు కొట్టకముందు భోజనశాలలో పెట్టేవారు. పిల్లలు వచ్చేవారు కాదు. ముందే వచ్చి తినేవాళ్ళు పేదవాళ్ళని మిగతా పిల్లలకి తెలిసిపోతుంది కదా. తర్వాత కొన్ని చోట్ల బెల్లు కొట్టాక తరగతి గదిలోనే, హాజరు తీసుకుంటుండగా, అందరికీ పెట్టడం మొదలెట్టారు. తినేవాళ్ళు బాగా పెరిగారు. మీరూ బెల్లు తర్వాతే పెట్టండి, అందరికీ పెట్టండి. ఏం పెట్టాలో మాత్రం ఇక్కడివాళ్ళని అడక్కండి. మావాడు బళ్ళో చాక్లెట్ పాలు తాగొచ్చి ఇంట్లో పెసరట్టు చూసి మొహం తిప్పుతాడు.

లెక్కలమాస్టారు
డల్లాస్ గారి మాట బంగారం. మా బళ్ళో కూడా ఇంట్లో తిని వచ్చిన పిల్లలు జావ వద్దంటే, తాగేవాళ్ళని "జావ బ్యాచ్" అని పిలవడం మొదలెట్టారు. మర్నాడు సగం మంది మానేశారు. నేనూ హెడ్మాస్టరూ వాళ్ళ మధ్య కూర్చుని తాగాక దారికొచ్చింది.

సీమబుడ్డలు
పొయ్యి లేకుండా చేయాలంటే బుడ్డలు, బెల్లం. (బుడ్డలంటే వేరుశనక్కాయలు సామీ, మళ్ళీ ఎవరో అడుగుతారు.) 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారు కదా, పిల్లలకి పొద్దున టిఫిన్ పెట్టాలని, వేడివేడిగా వండటం కుదరనిచోట వేరుశనగలో శనగలో బెల్లం కలిపి, స్థానికంగా దొరికే పళ్ళతో ఇవ్వాలని. పొయ్యి ఉంటే మాత్రం మా ఉగ్గాని. బొరుగులు తడిపి పిండి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లితే పది నిమిషాలు.

గోంగూరపచ్చడి
పక్కన బజ్జీ లేకుండా ఉగ్గాని పెడితే కర్నూలోళ్ళు కేసు వేస్తారు.

సీమబుడ్డలు
పిల్లలకి బజ్జీ వద్దులే. టీచర్లకి పెట్టండి.

లెక్కలమాస్టారు
నా ఓటు గుగ్గిళ్ళకి. ఒక్కొక్కరికి ముప్పై గ్రాముల ఎండు శనగలు. వంద కేలరీలు అటూఇటూ, ఐదారు గ్రాముల ప్రోటీన్, అంటే ఒక గుడ్డుకి దగ్గర. 62 మందికి రెండు కిలోల లోపు. మా కొట్లో కిలో తొంభై, వంద మధ్య ఉంది, అంటే రోజుకి 180 రూపాయలు. ఒకరోజు శనగలు, ఒకరోజు అలసందలు. పది లీటర్ల కుక్కరు ఒకటుంటే పని అయిపోతుంది, కలుపుతూ నిలబడే బాధ కూడా లేదు.

తైదంబలి
గుడాలు అనండి. మా అవ్వ బతుకమ్మకు చేసేది. ఉల్లిగడ్డ, కొత్తిమీర ఏస్తే ఒక్క గింజ మిగలదు.

నిద్రలేనినాన్న
62 మంది పిల్లలు శనగలు తిని రెండు గదుల్లో కూర్చుంటారు. కిటికీలు సరిగ్గా ఉన్నాయా మేడం?

పలకాబలపం
ఒక కిటికీకి రెక్కలే లేవు. దేవుడు ముందే చూసి పెట్టాడు.

స్టెతస్కోపు
పిల్లల డాక్టరుని. మూడు నాలుగు మాటలు. పడిపోయిన ప్రతి పిల్లా ఆకలితోనే పడిందని అనుకోవద్దు. రాత్రి నుంచి నీళ్ళు తాగకపోవడం, ఎండలో కదలకుండా నిలబెట్టడం కూడా కారణాలే. ప్రార్థన నీడలో పెట్టండి, ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగించండి, సగం తగ్గుతుంది. రెండోది రక్తహీనత. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. ఆ పిల్లలే తర్వాత మీ ఒకటో తరగతికి వచ్చేది. వారానికోసారి వేసే గులాబీ రంగు ఐరన్ మాత్ర మధ్యాహ్న భోజనం తర్వాత వేయండి. ఖాళీ కడుపుతో వేస్తే వాంతి చేసుకుని ఇక ముట్టరు. నులిపురుగుల మాత్ర మర్చిపోవద్దు.

టీ మాన్పించండి. ఆకలి చంపుతుంది, తిన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. గుగ్గిళ్ళ మీద నిమ్మకాయ పిండితే దానికి విరుగుడు. ఇక అక్కల వెంట వచ్చే మూడు నాలుగేళ్ళ చిన్నవాళ్ళకి వేరుశనగలు, శనగలు గింజల్లా ఇవ్వొద్దు. గొంతులో పడితే చాలా ప్రమాదం. మెత్తగా నలిపి పెట్టండి.

పదేపదే పడే పిల్ల ఎవరైనా ఉంటే గుగ్గిళ్ళతో సరిపెట్టకుండా ఆసుపత్రికి పంపండి.

బాధ్యతముఖ్యం
ఏమన్నా తేడా చేస్తే? ఎవరో పంపిన డబ్బుతో ఏదో వండి పెట్టారని రేపు పిల్లలకి వాంతులైతే మేడం ఉద్యోగం పోతుంది. ఇది కూడా ఆలోచించమంటున్నాను. నన్ను తిట్టినవాళ్ళు అప్పుడు రారు.

లెక్కలమాస్టారు
ఈసారి బాధ్యతముఖ్యం గారితో ఏకీభవిస్తున్నా (స్క్రీన్‌షాట్ తీసుకోండి). తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం రాయించండి, మండల విద్యాధికారికి (ఎంఈఓ) కాగితం పెట్టండి. మధ్యాహ్న భోజనంలాగే ముందు టీచరు రుచి చూసి, రిజిస్టర్‌లో రాసి, అప్పుడే పిల్లలకి. దాతలు ఇంట్లో వండి తెస్తామంటే ఒప్పుకోవద్దు.

వంటమ్మకొడుకు
ఇంకో చిక్కు ఎవరికీ తట్టలేదు. శనగలు ముందు రాత్రి నానెయ్యాలి. సోమవారానికి ఎవరు నానేస్తారు? ఆదివారం బడికి తాళం. మేడం చెప్పిన ఎక్కువ పడిపోయే రోజు కూడా సోమవారమే.

పలకాబలపం
అబ్బా. నిజమే.

సీమబుడ్డలు
సోమవారానికి బుడ్డలు, బెల్లం, అరటిపండు. నేను మొదటే చెప్పాను.

పలకాబలపం
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అడిగినవాళ్ళకి సంగతులు.

వంట అక్కలిద్దర్నీ కూర్చోబెట్టి అడిగాం. ఒకామె కుదరదంది, ఆమెకి పసిపిల్ల. ఇంకో అక్క బుధ, శుక్రవారాలు ఎనిమిదికి వస్తానంది, నెలకి పదిహేను వందలు. నేను వెయ్యి అనుకున్నాను, ఆమె అడిగిందే ఖాయం చేశాం. డల్లాస్ వాళ్ళ డబ్బులో మొదటి ఖర్చు అదే. సోమవారం వేయించిన పల్లీలు, బెల్లం, అరటిపండు, ఇవి నేనే పంచుతాను. బుధవారం శనగలు, శుక్రవారం అలసందలు. మంగళవారం సాయంత్రం వెళ్ళేటప్పుడు అక్క శనగలు ఇంటికి పట్టుకెళ్ళి నానేస్తుంది.

బెల్లు తర్వాత, హాజరు తీసుకుంటుండగా పెడుతున్నాం. అలసందలు మొదటి వారం సగం మంది వదిలేశారు. నిమ్మకాయ, ఉల్లిపాయ వేశాక తింటున్నారు. ప్రార్థన వేపచెట్టు కిందికి మార్చాం. ఈ మూడు వారాల్లో ఒక్కరే పడ్డారు, ఆ కుట్లు పడిన పిల్లే. ఆసుపత్రికి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 7.8. మందులు వాడుతోంది. స్టెతస్కోపు గారూ, మీరు ఆ చివరి వాక్యం రాయకపోతే నేను ఇంకో నెల గుగ్గిళ్ళు పెడుతూ కూర్చునేదాన్ని.

ఒక పిల్లాడు పల్లీలు జేబులో వేసుకుంటున్నాడు. తినమంటే తల ఊపుతాడు, తినడు. ఇంట్లో చెల్లి ఉందట, ఇంకా బడికి రాదు. ఇప్పుడు వాడికి రెండు పొట్లాలు ఇస్తున్నాను. లెక్కల్లో 63 అని రాసుకుంటున్నాను.

స్టెతస్కోపు
7.8 అంటే బాగా తక్కువ. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించండి, మందు మధ్యలో ఆపనివ్వొద్దు. ఆ చెల్లికి పల్లీలు నలిపే పెట్టమని చెప్పారా?

పలకాబలపం
చెప్పాను. రోట్లో బెల్లంతో కలిపి దంచి ఉండ చేసి ఇస్తోంది వంట అక్క. అడగకుండానే మొదలెట్టింది.

బాధ్యతముఖ్యం
రెండు అరటి గెలలు పంపాలంటే ఎవరికి పంపాలి? ఊరు చెప్పక్కర్లేదు, ఏదైనా దారి చెప్పండి.

గోంగూరపచ్చడి
స్క్రీన్‌షాట్ నంబర్ రెండు.

పలకాబలపం
మెసేజ్ పెట్టాను సార్. ఇంతకీ ఒక సాయం కావాలి. కుక్కరు గ్యాస్కెట్ వదులై ఆవిరి పక్కనుంచి పోతోంది, శనగలు ముప్పావుగంటైనా ఉడకట్లేదు. కొత్తది తేవాలంటే సత్తెనపల్లి వెళ్ళాలి, ఆదివారం దాకా కుదరదు. బుధవారం గడిచేదెట్లా?

వంటమ్మకొడుకు
గ్యాస్కెట్ రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే బిగుసుకుంటుంది, రెండు మూడు వంటలకి ఆగుతుంది. అమ్మ అలాగే చేస్తుంది.

పలకాబలపం
బళ్ళో ఫ్రిజ్ ఎక్కడిదండీ!

వంటమ్మకొడుకు
బడి పక్కన సోడా కొట్టు ఉంటుంది కదా. అడగండి, ఐస్‌క్రీముల మధ్య పెట్టుకుంటాడు.